కోచింగ్ డిపో హెడ్ కోచ్

ఈమధ్య మా ఊరి కాలేజీ ఆటల విభాగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు కొందరు మా ఇంటికి వచ్చారు. ఒమాన్‌లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌గా పనిచేసి రిటైరైన మనిషిని కదా, నా దగ్గర ఏవో సూత్రాలు ఉంటాయని వాళ్ల ఆశ. "మంచి కోచ్‌కి ముందుగా ఏం ఉండాలి సార్?" అని అడిగారు. "మెడ" అన్నాను. తలలు వంచి రాసుకున్నారు. తర్వాతి సూత్రం కోసం కాసేపు చూశారు. టీ తాగి, పెద్దాయనకు వయసు మీద పడిందన్న నిర్ణయానికి వచ్చి వెళ్లిపోయారు. వాళ్లకు చెప్పవలసిన మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను కాజీపేట వాణ్ని. ఒమాన్ వెళ్లకముందు రైల్వే కోచింగ్ డిపోలో పనిచేశాను. రైల్వే భాషలో కోచ్ అంటే ప్రయాణికుల పెట్టె. ఊళ్లు తిరిగొచ్చిన పెట్టెల్ని కడిగి, చక్రాలూ బ్రేకులూ చూసి, ఊడినవి బిగించి, సొట్టలు తీసి మళ్లీ బండికి తగిలించే చోటే కోచింగ్ డిపో. సొట్టలు తీయడం, వెల్డింగ్ చేయడం నా పని. ఫుట్‌బాల్‌తో నాకున్న పరిచయమంతా ఒక్కటే. డిపో గోడ అవతల పిల్లలు తన్నిన బంతి ఒకసారి వచ్చి నా పప్పు గిన్నెలో పడింది.

డెబ్బైల నడుమ ఒమాన్‌లో కొత్తగా తెరిచిన సాంకేతిక శిక్షణ కాలేజీలో బండ్ల బాడీ వర్క్ నేర్పే ఉద్యోగం వచ్చింది. రైల్వేలో పర్మనెంట్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. మా మామగారు రైల్వే గార్డు. ఆయన దృష్టిలో రైల్వే వదిలినవాడూ భార్యను వదిలినవాడూ ఒకటే. "పోతె పో. మల్లొస్తె మాత్రం గేటు తెర్వరు, యాదుంచుకో" అన్నాడు. అది రైల్వే గేటో వాళ్లింటి గేటో చెప్పలేదు. రెండూ అయ్యుంటాయి.

తీరా అక్కడికి వెళితే కాలేజీ ఉంది, వర్క్‌షాపు షెడ్డు ఉంది, లోపల ఏమీ లేదు. ఆ రోజుల్లో దేశమంతా ఒక్కసారిగా కడుతున్నారు. సిమెంటూ ఇనుమూ యంత్రాలూ మోసుకొచ్చిన ఓడలు మత్రా రేవు బయట వరుసలో నిలబడి తమ వంతు కోసం చూస్తుండేవి. మా యంత్రాలు కూడా అలాంటి ఓడలోనే ఉన్నాయన్నారు. రేవు దగ్గరే దార్సైట్‌లో మా రూమ్ వెనక గుట్ట ఎక్కితే సముద్రం మీద ఆ ఓడలు కనిపించేవి. నా ఉద్యోగం నీళ్ల మీద తేలుతూ ఉంటే నేను గుట్ట మీద నిలబడి దాన్ని చూసి వచ్చేవాణ్ని.

ప్రిన్సిపాల్‌గారిది సూడాన్. ఆరడుగుల పైన ఎత్తు, తెల్లటి తలపాగా, ఎంత కోపం వచ్చినా చెరగని మర్యాద. పని లేని మాస్టర్లను వెనక్కి పంపేయమని పైనుంచి ఆయనకు ఒత్తిడి ఉంది. ఒకరోజు నన్ను పిలిచి, కాఫీ పోయించి, "సోదరా, మీ యంత్రాలు ఎప్పుడొస్తాయో ఆ దేవుడికే తెలియాలి. మీకు ఇంకేదైనా పని వచ్చా? ఇంతకుముందు ఏం చేసేవారు?" అని ఇంగ్లిష్‌లో అడిగారు.

"కోచింగ్‌లో ఉండేవాణ్ని సర్. రైల్వే కోచింగ్."

ఆయన కుర్చీలోంచి లేచారు. "రైల్వేనా! మా దేశంలో కూడా మంచి జట్లన్నీ రైల్వేవాళ్లవే!"

జట్ల సంగతి నాకు బోధపడలేదు. ఎక్కడో పొరపాటు జరుగుతోందని మాత్రం తోచింది. సర్దిచెబుదామని, "అలా కాదు సర్, నేను చూసుకునేది కోచ్‌లను" అన్నాను.

"కోచ్‌లనే చూసుకునేవారా?"

"అవును సర్. ఎక్కడ పాడైతే అక్కడ బాగుచేసి పంపేవాణ్ని."

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మా జట్టుకు కోచ్ లేక ఎంతకాలమైందో తెలుసా? నేను కోచ్ కోసం చూస్తుంటే దేవుడు కోచ్‌ల మీద కోచ్‌ను పంపాడు. మీరే హెడ్ కోచ్!"

నా రాని ఇంగ్లిష్‌లో రైలు పెట్టెల గురించి చెప్పబోయాను. ఆయన అప్పటికే కిటికీలోంచి మైదానం చూపిస్తున్నారు. గేటు తెరవరన్న మామగారి మాట చెవిలో మోగింది. నోరు మూసుకున్నాను.

బయట కాలేజీ బస్సు డ్రైవర్ నిలబడి ఉన్నాడు. కడప మనిషి, ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు. సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏం న్నా! కోచ్ అంటే బస్సు గదా! ఆ లెక్కన నన్ను పిల్సాల. ఈళ్ల బాసలో దాన్నేమంటారో తెల్సునా? ముదర్రిబ్ అంటారు."

"ముదురా? నేనేం జేసిన భాయ్?"

"ముదురు గాదు న్నా, ముదర్రిబ్. నేర్పేటోడని."

ఆనాటి నుంచి డ్రైవర్ భాయ్ నన్ను 'ముదురన్నా' అనే పిలిచాడు. తనకు ఫుట్‌బాల్ బాగా తెలుసని, హైదరాబాదులో చిన్నాయన ఇంట్లో ఉండి మ్యాచ్‌లన్నీ చూశానని ధైర్యం చెప్పాడు. చూసినమాట నిజమే. గ్యాలరీలో కూర్చుని అరవడానికి కావలసినవన్నీ అతనికి తెలుసు. "ఆఫ్‌సైడ్ అంటే ఏంది భాయ్?" అని అడిగితే, "అది రెఫరీ పని న్నా, మనకెందుకు?" అన్నాడు. మా శిక్షణ శాఖ అంతా ఇంతే, మేమిద్దరం.

ఆటగాళ్లు పిల్లలు కారు, ఇరవై దాటిన యువకులు. కెప్టెన్ లోతట్టు పట్టణం నిజ్వా వైపు మనిషి, బౌషర్‌లో మేనమామ తోటలో ఉండేవాడు. గడ్డం నున్నగా దువ్వుకుని, తన అరబ్బీ ఎంత స్వచ్ఛమో వినిపించేలా మాట్లాడేవాడు. మా జట్టులో అందరికంటే బాగా ఆడేవాడు మాత్రం జాంజిబార్‌లో పుట్టి పెరిగి, అక్కడ గొడవలయ్యాక తాతల దేశానికి తిరిగివచ్చిన ఒమానీ. అతని నోట స్వాహిలీ ముందొచ్చి అరబ్బీ వెనకొచ్చేది. అందుకని జట్టులో అతనికి బంతి వచ్చేది కాదు. కెప్టెన్ అతన్ని పేరుతో కాకుండా 'జాంజిబారీ' అనేవాడు, మిగతావాళ్లూ అలాగే. అతను మాట్లాడే మనిషి కోసం వెతికి మా డ్రైవర్ భాయ్ పక్కన బస్సులో ముందు సీట్లో కూర్చునేవాడు. జాంజిబార్ బజారులో నేర్చుకున్న హిందుస్తానీ అతనికి కొంత వచ్చు.

మొదటి రోజు ఏం చేయించాలో తెలియక మైదానం చుట్టూ పరుగెత్తించాను. గడ్డి లేదు, అంతా గులకరాళ్లు. చక్కగా పరుగెత్తారు. ముచ్చటేసి, "బాగుంది, చాలు" అన్నట్టు నవ్వుతూ తల ఊపాను. మళ్లీ పరుగెత్తారు. ఎంత పట్టుదల అనుకుని ఇంకా సంతోషంగా ఊపాను. మూతులు ముడుచుకుని ఇంకా పరుగెత్తారు. బంతి తన్నించినా అంతే. గోల్ పడగానే నేను భేషని తల ఊపేవాణ్ని, వాళ్లు అదే మళ్లీ తన్నేవారు. ఇంత కష్టపడే మనుషుల్ని నేను డిపోలో చూడలేదు.

ఒక్క జాంజిబారీ మాత్రం నేను తల ఊపగానే ఆగి, వెళ్లి తుమ్మచెట్టు నీడలో కూర్చుని నీళ్లు తాగేవాడు. అంతమంది చెమటోడ్చి పరుగెడుతుంటే ఇతనికేం రోగం? సోమరి అనుకున్నాను. కెప్టెన్‌ను అడిగితే, "వాళ్లంతే" అన్నాడు. ఆ 'వాళ్లు' ఎవరో నేను అడగలేదు. జాంజిబారీని అదనపు ఆటగాళ్లలో వేశాను. హెడ్ కోచ్‌గా నా మొదటి సొంత నిర్ణయం అది.

కొన్ని వారాలకు డ్రైవర్ భాయ్ బస్సు ఆపి పగలబడి నవ్వుతూ నా దగ్గరికొచ్చాడు.

"ముదురన్నా, కెప్టెన్ నాతో మొర పెట్టుకుంటాండాడు. 'మీ ముదర్రిబ్‌కు ఏం జేసినా నచ్చదా? మా నాయన గూడ ఇంత కఠినం గాదు' అంటాడు. ఎందుకో తెల్సునా? నువ్వు తల అట్లా ఇట్లా ఊపితే మనకు సరే అని. ఈళ్లకు కాదు అని!"

ఇన్ని వారాలూ నేను శెభాష్ అన్నప్పుడల్లా వాళ్లకు 'ఛీ, ఇదా ఆట' అని వినబడిందన్నమాట.

"ఈళ్లకు చెప్పేదా?" అన్నాడు.

ఆలోచించాను. ఆ వారాల్లో వాళ్ల కాళ్లు ఇనుపకమ్మీల్లా తయారయ్యాయి. నా మాటకు ఎదురు చెప్పేవాడు లేడు. ఆట తెలియని కోచ్ దగ్గర ఆ భయం కూడా లేకపోతే ఇంకేం మిగులుతుంది? "వద్దు భాయ్. నా మెడ నేను సూస్కుంట" అన్నాను.

మెడను చూసుకోవడం వెల్డింగ్ కంటే కష్టం. ఊపకూడదు అనుకునేలోపే ఊగిపోయేది. మైదానానికి తువ్వాలు చుట్టుకుని వెళ్లాను, మెడ పట్టేసినవాడిలా. గంగిరెద్దులా తల ఊపుతూ రైల్వేలో పైవాళ్ల దగ్గర అన్నేళ్లు నెగ్గుకొచ్చిన మనిషిని. ఒక్క నెలలో మారమంటే ఎలా? డ్రైవర్ భాయ్ జాలిపడ్డాడు. "మనిషొక్కడే గల్ఫ్‌కొచ్చినాడు న్నా. మెడ ఇంకా కాజీపేటలోనే ఉండాది" అన్నాడు.

ఇంతలో ప్రిన్సిపాల్‌గారు మళ్లీ కాఫీకి పిలిచారు. ఆయన కాఫీకి పిలిస్తే నా ప్రాణం సగం పోయేది. "సోదరా, కైరో నుంచి ఒకాయన దరఖాస్తు పెట్టుకున్నాడు. నిజంగా జట్లలో ఆడినవాడు. మీ యంత్రాలు ఇంకా ఓడలోనే ఉన్నాయి. వచ్చే మ్యాచ్ పెద్ద కంపెనీ శిక్షణ కాలేజీతో. పోయినసారి వాళ్లు మన పరువు తీశారు. ఈసారి గెలిస్తే మిమ్మల్ని ఉంచమని పైవాళ్లతో నేను పోట్లాడగలను. ఓడితే ఏ పేరు మీద ఉంచను?" అన్నారు. అంత మర్యాదగా ఉద్యోగం పోతుందని చెప్పించుకోవడం కూడా ఒక భాగ్యమే.

ఇటు డ్రైవర్ భాయ్ ఇంకో కబురు తెచ్చాడు. ఈ మ్యాచ్‌లోనూ ఆడనివ్వకపోతే కాలేజీ మానేసి కువైట్‌లో బాబాయి దగ్గరికి పోతానని జాంజిబారీ అన్నాడట. "మంచోడు న్నా. ఒక్కసారి దింపు" అని బతిమాలాడు. సోమరిని దింపి నా మెడకు నేనే ఉరి వేసుకోవాలా అనుకున్నాను.

మ్యాచ్ మా మైదానంలోనే. సున్నంతో గీతలు గీశాం. గోల్ వెనక కట్టడానికి వల లేకపోతే కెప్టెన్ వెళ్లి మత్రా జాలరుల దగ్గర చేపల వల తెచ్చాడు. వాసనకు వాళ్ల గోల్‌కీపర్ ముక్కు మూసుకున్నాడు, మాకు అదే మొదటి విజయం. పక్కనే ఏదో ఆఫీసు కడుతున్నారు. ఆ సైట్‌లో పనిచేసే కరీంనగర్ వాళ్లు పరంజాల మీద వరుసగా కూర్చున్నారు. మన తెలుగాయన కోచ్ అని తెలిసి మాకే జై కొట్టారు. ప్రిన్సిపాల్‌గారు తెల్లటి అంగీలో గొడుగు కింద కూర్చున్నారు. ఆయన పక్క కుర్చీలో పైనుంచి వచ్చిన అధికారి.

ముందు వాళ్లొక గోల్ వేశారు. తర్వాత మా కెప్టెన్ ఒకటి వేశాడు. ఆట సగం దాటాక మా ఆటగాడొకడికి చీలమండ బెణికింది. ఆడగలవాడు జాంజిబారీ ఒక్కడే మిగిలాడు. దింపాను. కోచ్ ఎత్తుగడ అనకండి, గతిలేక దింపాను. మావాళ్లు అతనికి బంతి ఇవ్వలేదు. అతనే వెళ్లి అవతలివాళ్ల కాళ్ల దగ్గర లాక్కుని ఆడుతున్నాడు. ఇంక ఆట అయిపోవచ్చిందనగా బంతి తీసుకుని గోల్ దగ్గరికి దూసుకుపోయాడు. వాళ్ల మనిషి కాలు అడ్డం పెట్టి పడేశాడు. రెఫరీ ఈల వేశాడు. పెనాల్టీ.

పెనాల్టీ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలుసు. గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉంటాడు, మనవాడొకడు తన్నాలి. పడితే నేను ఒమాన్‌లో ఉంటాను. పడకపోతే మామగారి గేటు. తన్నడంలో కెప్టెన్‌కు సాటి లేరని మైదానంలో అందరికీ తెలుసు, నాకు కూడా తెలుసు. కెప్టెన్ బంతి చేతిలో పట్టుకుని నా వైపు తిరిగాడు. తన గుండె మీద వేలు పెట్టుకుని, "నేనేనా?" అన్నట్టు చూశాడు.

నువ్వే నాయనా, నువ్వు కాక ఇంకెవరు! ప్రాణమంతా మెడలోకి తెచ్చుకుని తల ఊపాను. తువ్వాలు ఊడి కింద పడింది. ఇంకా ఊపాను.

కెప్టెన్ ముఖం మాడిపోయింది. అతను వెనక్కి తిరిగి జట్టుతో ఏదో అన్నాడు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. మళ్లీ నా వైపు చూసి, ఈసారి జాంజిబారీని వేలితో చూపించాడు. ఏం జరిగిందో నాకప్పుడు వెలిగింది. ఇంకోసారి ఊగకుండా తలను రెండు చేతులతో పట్టుకుని కట్టెలా నిలబడిపోయాను. కేక వేద్దామంటే పరంజాల మీది గోలలో ఎవరికీ వినబడదు. తల ఊగలేదంటే సరేనని కాబోలు, కెప్టెన్ బంతి తీసుకెళ్లి జాంజిబారీ చేతిలో పెట్టాడు.

పరంజా మీది నుంచి ఎవరో, "కొట్టు బిడ్డా, కొట్టు! పెయ్యిల పానం వెట్టి కొట్టు!" అని అరిచారు. జాంజిబారీకి తెలుగు రాదు కానీ అలాగే కొట్టాడు. గులకరాళ్లు ఎగిరాయి. బంతి చేపల వలలో చిక్కుకుంది. నేను కళ్లు మూసుకుని ఉన్నాను. డ్రైవర్ భాయ్ నన్ను ఎత్తుకుని గిరగిర తిప్పితే గోల్ పడిందని తెలిసింది.

కెప్టెన్ జాంజిబారీని భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఆ సాయంత్రం మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. తర్వాతి మ్యాచ్ నుంచి అతనికి బంతి వచ్చింది. అతను కువైట్ వెళ్లలేదు.

ప్రిన్సిపాల్‌గారు నన్ను కౌగిలించుకున్నారు. పై అధికారికి నన్ను చూపించి, "ఎవరైనా కెప్టెన్‌కే ఇచ్చేవారు. నేనైనా అంతే. ఈయన మాత్రం ఆ కుర్రవాడి మనసు చూశాడు. జట్టును ఒక్క తన్నుతో కలిపాడు. కోచ్ అంటే ఇదీ!" అన్నారు. నేను పొంగిపోయి తల ఊపాను. "చూశారా ఎంత వినయమో, కాదంటున్నాడు!" అన్నారు అధికారి.

తర్వాత యంత్రాలు వచ్చాయి. నన్ను వర్క్‌షాపుకు పంపమని అడిగితే ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకోలేదు. వెల్డర్లు ఎక్కడైనా దొరుకుతారన్నారు. కైరో నుంచి వచ్చినాయన నిజంగా గొప్ప ఆటగాడే. ఆయన్ని లెక్కల మాస్టర్‌గా వేసుకున్నారు. ఆయన దగ్గరే నేను మెల్లగా ఆట నేర్చుకున్నాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కూడా తెలిసింది. ఒక్కటి మాత్రం చెప్పాలి, నాకు ఆట వచ్చాక మా జట్టు అంతకుముందు గెలిచినంత గెలవలేదు.

అలా ఉద్యోగకాలమంతా కోచ్‌గానే గడిచిపోయింది. నేను ఒమాన్ వదిలి వచ్చేసే ముందు ఆ పాత జట్టువాళ్లు బౌషర్‌లో కెప్టెన్ ఖర్జూరపు తోటలో విందు చేశారు. కెప్టెన్ గడ్డం నెరిసింది, ఏదో శాఖలో పెద్ద ఆఫీసరు. జాంజిబారీ కూడా వచ్చాడు. అతనిప్పుడు ఒక కాలేజీ జట్టుకు కోచ్. చాప మీద నా పక్కనే కూర్చున్నాడు. వచ్చినవాళ్లంతా ఆ పెనాల్టీ గురించే మాట్లాడారు. కెప్టెన్ లేచి, తన గర్వం అణచడానికి ముదర్రిబ్ ఆనాడు ఎంత తెలివైన నిర్ణయం తీసుకున్నారో కొడుకులకు చెప్పాడు.

నాకు సిగ్గేసింది. జాంజిబారీ చెవిలో హిందుస్తానీలో, "నీకొక మాట చెప్పాలి. ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"కెప్టెన్‌నే కొట్టమన్నారు. తెలుసు సార్" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"జాంజిబార్‌లో మా ఇంటి కింద ఇండియా దర్జీ ఉండేవాడు. పండక్కి బట్టలు కుడతావా అని మా అమ్మ అడిగితే అచ్చం మీలాగే తల ఊపేవాడు. ఆ తల చూస్తూ పెరిగాను. మొదటి రోజు మీరు చాలన్నారు, నేను ఆగాను. వాళ్లు ఎందుకు పరుగెడుతున్నారో నాకు అర్థం కాలేదు."

తుమ్మచెట్టు నీడ గుర్తొచ్చింది. మొత్తం జట్టులో నా మాట విన్నవాడు అతనొక్కడే. అతన్నే నేను సోమరి అన్నాను.

"మరి పెనాల్టీ అప్పుడు?"

"మైదానంలో మీ మాట తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కదా, కోచ్ ఏమంటున్నాడని కెప్టెన్ నన్నే అడిగాడు. నువ్వు వద్దంటున్నాడని చెప్పాను. మరెవరని అడిగాడు. నన్ను చూపించి అడుగు అన్నాను." ఒక ఖర్జూరం తీసి నా చేతిలో పెట్టాడు. "అలాంటి అవకాశం నాకు ఇంకెవరూ ఇచ్చేవాళ్లు కాదు సార్."

"గోల్ పడకపోతే?"

"మీరు ఇండియాకు, నేను కువైట్‌కు. ఒకే బస్సులో ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లం."

"కెప్టెన్‌కు తెలుసా?"

"ఎందుకు సార్ ఇప్పుడు? పిల్లలకు ఎంత బాగా చెప్పుకుంటున్నాడో చూడండి."

కెప్టెన్ కాఫీ పాత్ర పట్టుకుని స్వయంగా మా దగ్గరికి వచ్చాడు. అక్కడ అతిథి చాలు అన్నట్టు చేతిలోని చిన్న కప్పును ఊపేదాకా పోస్తూనే ఉంటారు. నేను కప్పు ఊపలేదు. "ఇంకొంచెం, ముదర్రిబ్?" అని అడిగాడు ఆప్యాయంగా. నాకు కావాలనే ఉంది. తల ఊపాను.

కెప్టెన్ వద్దన్నాననుకుని పాత్ర వెనక్కి తీసుకున్నాడు. జాంజిబారీ లేచి, అతని చేతిలోంచి పాత్ర అందుకుని, నా కప్పు నింపాడు.